చదువుకు పెట్టిన సంతకం

జూలై 7, సోమవారం

ఐపీ పెడతాను. నిర్ణయం అయిపోయింది.

హాస్పిటల్లో ఐపీ అంటే ఇన్‌పేషెంట్. ఊళ్లో ఐపీ అంటే దివాలా పిటిషన్. పత్తి ధర పడిపోయిన ప్రతి ఏడూ ఆదోనిలో ఎవరో ఒకరు పెడతారు. పెట్టినవాళ్లు మార్కెట్ యార్డు ముందు ఉగ్గాని తింటూ మామూలుగానే కనిపిస్తారు. వాళ్లకు లేని సిగ్గు నాకెందుకు?

బ్యాంకు నోటీసు ఇవాళ హాస్పిటల్‌కే వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి అందరి ముందు ఇచ్చింది. నేనూ అందరి ముందే చింపి చదివాను. ఫిజియోథెరపీలో పీజీ, ఎంపీటీ, కోసం తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఎన్‌పీఏ అయి, మొండి బాకీల్లో చేరి చాలా కాలమైంది. కట్టకపోతే కోర్టుకు పోతారట. నా పేరు కింద, నాతో పాటు బాకీకి పూచీపడ్డ మనిషిగా, ఇంకో పేరు ఉంది. కో-ఆబ్లిగెంట్, రామన్న, చేనేత, ఎమ్మిగనూరు.

మా మామ. ఉమేష్ వాళ్ల నాయన. విడాకులై రెండేళ్లు కావస్తోంది, మాజీ మామ అనాలేమో. ఆ మాట నోటికి తిరగదు. పెళ్లైన మరుసటి ఏడాది బెంగళూరులో సీటొచ్చింది. మా నాయన అప్పటికే లేడు. మా అన్న సంతకం పెట్టనన్నాడు. ఉమేష్ జీతం బ్యాంకుకు చాలదన్నారు. మామ మగ్గం గుంటలోంచి లేచి, చేతులు పంచెకు తుడుచుకుని, నా వెంట బ్యాంకుకు నడిచొచ్చి సంతకం పెట్టాడు.

చదువయ్యాక ఏడాదికి పైగా ఈఎంఐ కట్టాను. తర్వాత బళ్లారిలో నేను చేసే సెంటర్ మూసేశారు. అదే ఏడు విడాకులు. ఆదోని వచ్చాను. ఇక్కడ ఎంపీటీకీ, డిగ్రీ బీపీటీకీ ఒకటే జీతం. రూమ్ అద్దె, తిండి, హాలహర్విలో అమ్మ మందులు పోగా మిగిలేది ఈఎంఐకి చాలదు. ఇందులో ఏడవాల్సిందేమీ లేదు. లెక్క కుదరలేదు, అంతే. లెక్క కుదరని వాళ్ల కోసమే కదా చట్టం పెట్టింది.

జూలై 8

రాత్రి హాయిగా నిద్రపట్టింది.

జూలై 11, శుక్రవారం, మధ్యాహ్నం

వకీలు వెంకోబారావు గారిని కలిశాను. కోర్టు దగ్గర జిరాక్స్ షాపు పైన ఆఫీసు. నుదుట నల్లటి అంగారం గీత, చేతిలో పెద్ద పాత గొడుగు, లోపల కూర్చున్నా దాన్ని వదలలేదు. ఐపీలు వేయడంలో ఊళ్లో ఆయన తర్వాతే ఎవరైనా.

ఎంతమందికి బాకీ అని అడిగాడు. ఒక్క బ్యాంకుకే అంటే కొంచెం నిరాశపడ్డట్టున్నాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు పెద్ద పెద్ద పట్టీలతో వస్తారు మరి. ఆస్తులడిగాడు. ఒక స్కూటీ, నొప్పులకు కరెంటు పెట్టే ఒక ఐఎఫ్‌టీ మెషీన్ అన్నాను. మెషీన్ బతుకుతెరువుకు కావాల్సిన పనిముట్టు కాబట్టి దాని జోలికి రారు అన్నాడు. కోర్టు దివాలా అని ప్రకటించాక కొంతకాలానికి విడుదల ఇస్తుందట. ఈలోపు మున్సిపల్ ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదట. ఆ నష్టం భరిస్తానన్నాను. నవ్వాడు.

కో-ఆబ్లిగెంట్ సంగతి అడిగాను. పిటిషన్ వేసిన మనిషికే రక్షణ అన్నాడు. బ్యాంకు రెండో ఆయన్ను పట్టుకుంటుంది, అది వాళ్ల హక్కు. ఈ మాట, తన ఫీజెంతో చెప్పిన మాట, ఒకే గొంతుతో చెప్పాడు. కాగితాలు టైపు చేయిస్తాను, వచ్చి సంతకం పెట్టమన్నాడు.

రెండో ఆయనట. మామకు పేరుంది.

జూలై 12, శనివారం

డ్యూటీకి ముందు గోవిందన్న గారింటికి హోమ్ విజిట్. పక్షవాతం. కుడి చెయ్యి ఇంకా మాట వినదు, కాలు వింటోంది. ఒకప్పుడు యార్డులో పెద్ద పత్తి దళారి. ఆయన ఐపీ పెట్టిన సంగతి ఊరంతా తెలుసు. ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

నేను ఎత్తాను. గోడ పట్టించి నిలబెట్టి, నేను ఐపీ పెడుతున్నాను, మీకెలా ఉండిందని అడిగేశాను. కొడుకు జయరాం పేపరు దించి నావైపు చూశాడు. ముసలాయన మాత్రం నవ్వాడు. ఆయన నవ్వు మూతికి ఒక పక్కే వస్తుంది.

మాట ముద్దముద్దగా, ఆగి ఆగి వచ్చింది. కోర్టు సులభమేనట. జడ్జి ఒక్క మాట అనలేదట. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడట. పెట్టినందుకు ఇప్పటికీ బాధ లేదు, పెట్టకపోయుంటే జయరాంను చదివించేవాడే కాదు. కానీ బ్యాంకులో ఆయనకు జామీను ఉన్నది యేసేపు, ఆయన దగ్గర గుమస్తాగా చేసినాయన. యేసేపుకు చెప్పకుండా పెట్టాడు. తర్వాత చేరిన మిల్లులో జీతం కోతపడ్డాక గానీ యేసేపుకు తెలియలేదు.

అప్పుడు ఆడే చేత్తో నా మణికట్టు పట్టుకుని అన్న మాట అలాగే రాస్తున్నాను. "ముందే సెప్పింటే ఆయప్ప గూడా పెట్టుకునుండు. సెప్పేకి నాకు ముఖం సెల్లలే."

నాకు చెల్లుతుంది. ఎమ్మిగనూరు పోయి మామకు చెప్తాను. ఆయన కూడా ఐపీ పెట్టుకోవచ్చు. ఇద్దరికీ ఒకే వకీలు కాబట్టి ఫీజు తగ్గించమని అడుగుతాను.

జూలై 15

కాగితాలు రెడీ అని వకీలు గారి ఆఫీసు నుంచి ఫోన్. వచ్చే వారం వస్తానన్నాను.

జూలై 20, ఆదివారం

ఎమ్మిగనూరు పోయాను. విడాకుల తర్వాత ఆ వీధిలో అడుగుపెట్టడం ఇదే మొదలు. బస్సు దిగేదాకా ధైర్యంగానే ఉన్నాను. వీధి మలుపు తిరగ్గానే మగ్గం చప్పుడు వినబడింది. కాళ్లు కొంచెం నిదానించాయి. కొంచెమే.

తలుపు తీసింది తాయమ్మత్త. తిడుతుందనుకున్నాను. ఎండకు మొహం ఎట్లా అయిపోయిందో చూడు అంటూ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. చెంబు ఖాళీ కాగానే ఆమె వంటింట్లోకి పోయింది.

ఆదివారం కూడా మామ మగ్గం మీదే ఉన్నాడు. వచ్చినావామ్మా, కూచో, ఈ అంచు అయిపోనీ అన్నాడు. నిన్న పోయి ఇవాళ వచ్చినదాన్ని పలకరించినట్టు. కింద కూర్చుని చూశాను. ఎడమ చేత్తో చేయాల్సిన దానికంటే ఎక్కువ పని చేస్తున్నాడు. కుడి భుజం పైకి లేవడం లేదు. ఫ్రోజెన్ షోల్డర్. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, ఏదో పట్టేసిందమ్మా, పోతాదిలే అన్నాడు. లేపి అరుగు మీద కూర్చోబెట్టాను. మోచెయ్యి ఒక చేత్తో, మణికట్టు ఒక చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను. పేషెంటు చెయ్యి నా చేతిలో ఉంటే నాకు మాట బాగా వస్తుంది.

అంతా చెప్పాను. నోటీసు, వకీలు, ఐపీ. నేను పెడితే బ్యాంకు నీ మీదికొస్తుంది మామా, నువ్వు కూడా పెట్టుకుందువు గానీ, ఇద్దరం కలిసే పోదాం అన్నాను. ఆయన చెయ్యి బిగుసుకోలేదు. మెత్తగా, నిద్రపోయే పిల్లాడి చెయ్యిలా ఉంది.

"పెట్టుకోమ్మా. నా గురించి యోచన చేయొద్దు. మగ్గం తీస్కపోయేకి లేదంట. ఇల్లు సర్కారు పట్టా, మీ అత్త పేరు మీద ఉండాది, అమ్మేకి గాదు. నన్నేం చేస్తారు?"

బ్యాంకు తరఫు వాళ్లు ఇంటికొచ్చారా అని అడిగాను. వచ్చారట, రెండు మూడు సార్లు. మజ్జిగ ఇచ్చి పంపించాడట. నాకెందుకు చెప్పలేదంటే, నీ దగ్గరుంటే కట్టవా అన్నాడు.

కోడలని నమ్మి సంతకం పెట్టావు, నేనేమో కోడల్ని కాకుండా పోయాను అన్నాను. ఇది అనాలని ముందు అనుకోలేదు. వచ్చేసింది.

"ఆ సంతకం కోడలికి పెట్టలేదమ్మా. సదువుకు పెట్టినా."

చెయ్యి తిప్పడం ఆపలేదు నేను. ఆపితే ఏడ్చేదాన్ని. మాట మార్చాలని అర్చన ఎలా ఉంది, ఇంటర్ అయిపోయింది కదా, ఇప్పుడేం చేస్తోంది అని అడిగాను. అర్చన ఉమేష్ చెల్లెలు. నేను ఆ ఇంటికొచ్చినప్పుడు రెండు జడలేసుకుని బడికి పోయేది.

బాగుంది, ఏదో సదువుతాదంట అన్నాడు మామ.

ఆ చెయ్యి అప్పుడు బిగుసుకుంది. భుజం నుంచి వేళ్ల దాకా కట్టెలా.

అదే రోజు, సాయంత్రం 5.40, బస్సులో

ఎందుకు బిగుసుకుందో తెలిసింది.

బస్టాండు దాకా అర్చన వెంటే వచ్చింది. నేనున్నంత సేపూ ఇంట్లో కనిపించలేదు, దారిలో కలిసింది. పొడుగైంది. వదినా అనలేదు, అక్కా అనలేదు. నువ్వు అంది.

మైసూరులో బీఏఎస్ఎల్పీ సీటొచ్చిందట. చెవిటి పిల్లలకు, మాట పడిపోయిన వాళ్లకు మాటలు నేర్పే చదువు. మంచి కాలేజీ. సెప్టెంబరు మొదటి వారంలోపు ఫీజు కట్టాలి. ఇక్కడి బ్యాంకుకే పోయారు, నాకు లోన్ ఇచ్చిన బ్యాంకుకే. మామ పేరు కొట్టి చూసి లోన్ లేదు పొమ్మన్నారు. నా బాకీ ఆయన సిబిల్ మీద, అప్పుల రికార్డు మీద, కూర్చుని ఉంది. ఉమేష్ పేరు మీద ఇప్పటికే కారు లోను, పర్సనల్ లోను. వాడు సంతకానికి పనికిరాడు. ఈ సంగతి నాకు చెప్పొద్దని మామ ఇంట్లో అందరి చేతా ఒట్టేయించుకున్నాడట. ఈ పిల్ల ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చింది.

అరవలేదు. బస్టాండులో జనం మధ్య, బ్యాగు గుండెలకు పట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"నువ్వు ఐపీ పెట్టుకుంటావు. మా నాయిన గూడా పెట్టుకుంటాడు. నాకు సంతకం పెట్టేకి ఎవరు మిగుల్తారు?"

బస్సొచ్చింది. ఎక్కాను.

జూలై 22, మంగళవారం

సగం రోజు లీవు పెట్టి మళ్లీ ఎమ్మిగనూరు, ఈసారి బ్యాంకుకు. మేనేజర్ ఆమె కన్నడం మనిషి. తెలుగు తూకం వేసినట్టు మాట్లాడుతుంది. ఇన్నాళ్లకు వచ్చారా అని దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. స్క్రీను నావైపు తిప్పింది.

ఐపీ పెడితే నేను బయటపడతాను, అకౌంటు మామ నెత్తిన అలాగే ఉంటుంది. లోక్ అదాలత్‌లో సెటిల్‌మెంటు చేసుకుంటే చాలావరకు మాఫీ చేస్తారు, కానీ ఇద్దరి రికార్డులోనూ సెటిల్డ్ అని పడుతుంది, అది ఏళ్ల తరబడి పోదు. అర్చన లోన్ విషయంలో దానికీ బాకీకీ పెద్ద తేడా ఉండదు. మూడో దారి, ఇప్పటిదాకా ఆగిపోయిన కంతులన్నీ వడ్డీతో సహా ఒకేసారి కట్టేయడం. అప్పుడు అకౌంటు రెగ్యులర్ అవుతుంది. ఆ తర్వాత నెలనెలా ఈఎంఐ.

అది కడితే అర్చనకు లోన్ ఇస్తారా అని సూటిగా అడిగాను. మాట ఇవ్వలేనంది. పైవాళ్లు చూడాలి. కాకపోతే కాదన్న కారణం పోతుంది అంది.

ఆమె నాకు నచ్చింది.

జూలై 23

ఒక దారిలో నా బాకీ అంతా పోతుంది, ఒక దారిలో చాలావరకు పోతుంది, ఒక దారిలో ఏమీ పోదు. ఏది మంచిదో చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

మూడోదే.

జూలై 24, గురువారం

ఉమేష్‌కు ఫోన్ చేశాను. బళ్లారిలోనే ఉన్నాడు, మళ్లీ పెళ్లైంది. లోన్ నీది కదా, నాకెందుకు చెప్తున్నావన్నాడు. నిజమే, నాదే అన్నాను. ఈ ఫోన్ నా కోసం చేయలేదు, మీ నాయన కోసం, మీ చెల్లెలి కోసం చేశాను అన్నాను. అర్చన లోన్ కాదన్న సంగతి వాడికి తెలియదట. ప్రాసెస్‌లో ఉందని చెప్పారట. తర్వాత, చూస్తాలే అన్నాడు.

వాడి చూస్తాలేతో నాలుగేళ్లు కాపురం చేశాను. దాని మీద ఆశ పెట్టుకోను.

జూలై 27, ఆదివారం

మొన్న బ్యాంకు నుంచి వస్తూ బస్సులో తట్టిన ఆలోచన ఇవాళ అమలు చేశాను. నా దగ్గర అమ్మడానికి ఏముంది? రెండు చేతులు, రాబోయే ఏడాది. గోవిందన్న గారికి ఇంకో ఏడాదైనా ఫిజియో కావాలి. రోజుకింత అని ఇస్తున్నారు. ఆ ఏడాది డబ్బు ముందుగా ఇమ్మని అడిగాను. కొంత తగ్గించి తీసుకుంటాను, ఒక్క రోజు కూడా మానను అన్నాను.

జయరాం ఎరువుల వ్యాపారి. అడ్వాన్సులు ఎగ్గొట్టేవాళ్లను రోజూ చూస్తుంటాడు. మొహం మీదే అడిగాడు. ఐపీ పెడతానన్న మనిషివి, డబ్బు తీసుకుని రాకపోతే ఏం చేయాల? మంచి ప్రశ్న. ఐపీ మానుకోవడానికే అడుగుతున్నానని జరిగిందంతా చెప్పాను. మధ్యలో నాయనకు ఏమన్నా అయితే అన్నాడు. మిగిలిన నెలల డబ్బు తిరిగిస్తానన్నాను. ఎక్కడి నుంచి అన్నాడు. ఇంకో ఇంట్లో అడ్వాన్సు తీసుకుని అన్నాను. వాడికి నవ్వు ఆగలేదు.

గోవిందన్న గారు ఈ బేరమంతా వాకర్ పట్టుకుని నిలబడే విన్నాడు. మామూలుగా అంతసేపు నిలబడలేడు. చివరికి కొడుకుతో అన్నది ఒకటే మాట.

"ఇయ్యప్పా."

ఇచ్చాడు. ఇది కూడా అప్పే, నాకు తెలుసు. కానీ ఇది నా చేతులతో తీర్చే అప్పు.

జూలై 29

ఉమేష్ నుంచి ఫోన్‌పే. కింద ఒక్క అక్షరం రాయలేదు. నేను అనుకున్నదానికంటే ఎక్కువే పంపాడు.

ఆగస్టు 2, శనివారం

ఇంకా చాలదు. హాస్పిటల్ ఎండీ గారిని జీతం అడ్వాన్సు అడిగాను. ఇస్తామన్నారు, మూడేళ్ల బాండు రాసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో పెడితే. హోమ్ విజిట్లు మానేయాలట. ధన్యవాదాలు చెప్పి బయటికొచ్చాను.

బయటికొచ్చాక, మెట్ల మీద, సంతకం చేసి పారేసి అన్నీ మర్చిపోదామా అనిపించింది. బాండు మీద కాదు, ఐపీ మీద. కాగితాలు రెడీగా ఉన్నాయి. పది అడుగులేస్తే కోర్టు. ఎవరూ తప్పు పట్టరు. మామ కూడా పెట్టుకోమనే అన్నాడు.

ఆటోవాడు ఎక్కడికమ్మా అన్నాడు. ఇంటికన్నాను.

ఆగస్టు 5

సరస్వతీబాయి టీచరమ్మ, రెండు మోకాళ్లూ మార్పించుకున్నారు. మూడు నెలల ఫీజు ముందుగా ఇచ్చారు. ఎందుకని కూడా అడగలేదు. నేనే చెప్పాను, చెప్పకపోతే ఊరుకోలేక.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఊళ్లో ఆడవాళ్లంతా బంగారం కొంటున్నారు. నేను గాజులు అమ్మాను. అమ్మ నాకు చేయించినవి. అమ్మకు ఫోన్ చేసి అడిగే అమ్మాను. చేతికి లేకపోతేనేం, చెయ్యి ఉంది కదా అంది.

షాపాయన కొనడానికా, అమ్మడానికా అని రెండు సార్లు అడిగాడు. పండగ పూట అమ్మేవాళ్లు రారట. అయితే నాకు బేరం బాగా రావాలి కదా, జనం లేరు కాబట్టి అన్నాను. ఆయనకు ఆ తర్కం అర్థం కాలేదు. నాకూ కాలేదు. కాని కాస్త ఎక్కువే ఇచ్చాడు.

ఆగస్టు 11, సోమవారం

కట్టేశాను.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన. బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఎమ్మిగనూరు దాకా నిలబడే పోయాను, బ్యాగు కడుపుకు అదుముకుని. క్యాష్ కౌంటర్లో అబ్బాయి నోట్లు మెషీన్లో వేస్తుంటే వెనక ఎవరో గట్టిగా ఊపిరి తీస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే మామ. అర్చన చెప్పిందట. ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. ఆయనకు కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇవాళ చూశాను.

"నేనేమన్నా అడిగితినా నిన్ను? పెట్టుకోమంటి గదా."

బ్యాంకులో వాళ్లంతా తల ఎత్తారు. మామ మాటకు నాకు బాధ కలగలేదు. ఆయన దాచిపెట్టింది నేను కనిపెట్టేశాను, అందుకు కోపం.

"నీ సంతకం ఇంగొకరికి పనికి రావాల మామా," అన్నాను. "నాతోనే అయిపోతే ఎట్లా?"

ఆయన పోయి టోకెన్ల కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. నేను రసీదు తీసుకుని పక్కన కూర్చున్నాను. భుజం ఎలా ఉందని అడిగితే, నువ్వు సెప్పినట్టు గోడకు వేళ్లు పాకిస్తాండా, జడ దువ్వుకునేంత లేస్తాంది అన్నాడు. ఆయనకు జడ లేదు, జుట్టే లేదు. ఇద్దరం నవ్వాం. మేనేజర్ అద్దం గదిలోంచి చూసింది.

ఆగస్టు 13, బుధవారం

వెంకోబారావు గారికి చెప్పాను, పెట్టడం లేదని. టైపు ఖర్చు ఇస్తానంటే ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఆయన ఒక మాట అన్నాడు, ఐపీ పెట్టేవాళ్లు దొంగలు కారమ్మా, చాలామందిని అదే బతికించింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడకు అని. నేను తక్కువ చేయలేదు. అది చెడ్డది కాదు, నాకు సరిపోలేదు. అదే చెప్పాను. అయితే సరే అని గొడుగుతో తలుపు చూపించాడు, వెళ్లిరమ్మని.

కాగితాలు నాకే ఇచ్చేశాడు. వెనక పక్క ఖాళీ. వాటి మీద సరస్వతీబాయి గారికి మోకాలి ఎక్సర్‌సైజులు బొమ్మలేసి ఇచ్చాను.

ఆగస్టు 20

అకౌంటు రెగ్యులర్ అయింది. సిబిల్లో మాత్రం ఇంకా పాతదే చూపిస్తోంది. మారడానికి టైమ్ పడుతుందట. కాలేజీ వాళ్లు ఆగరు కదా. మేనేజర్ లెటర్ రాసి పైకి పంపింది, ఈ ఖాతాలో ప్రస్తుతం గడువు దాటిన బాకీ లేదని. ఆమెను అలా రాయమని నేను అడగలేదు.

ఆగస్టు 24, ఆదివారం

అర్చన ఫోన్. పైనుంచి ఏమీ రాలేదంది. ఏడుస్తున్నట్టుంది, ఏడవడం లేదని చెప్పింది. రాకపోతే అని ఆగిపోయింది. రాకపోతే ఇంకో బ్యాంకు, ఆ తర్వాత ఇంకో బ్యాంకు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, అప్పటికి మీ నాయన సంతకం ఇంకా శుభ్రంగా ఉంటుంది అన్నాను. ఇంత ధైర్యం నీకు యాడ నుంచి వస్తాదని అడిగింది. వస్తుందో లేదో చూసి మాట్లాడను, మాట్లాడితే వస్తుంది అన్నాను.

గోవిందన్న గారు ఇవాళ వాకిలి దాకా నడిచారు. మెట్ల దగ్గర ఆగి వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. ఆదివారం ఈ వేళకు చర్చి నుంచి జనం వచ్చే దారి అది. ఎవరి కోసం చూస్తున్నారో నేను అడగలేదు. రేపు మెట్లు నేర్పిస్తానన్నాను.

ఆగస్టు 28, గురువారం, ఉదయం 11.20

శాంక్షన్.

అర్చన మెసేజ్. అదొక్కటే మాట, అదీ స్పెల్లింగ్ తప్పు. డ్యూటీలో ఉన్నాను. ఒక అబ్బాయి విరిగిన మోచేతికి కట్టు విప్పాక మొదటి రోజు. ఆ అబ్బాయి నొప్పికి ఏడుస్తున్నాడు, నేను నవ్వుతున్నాను. వాళ్లమ్మ నన్ను చాలా చెడ్డదాన్ననుకుని ఉంటుంది.

సెప్టెంబరు 2, మంగళవారం

ఎమ్మిగనూరు బ్యాంకు. అర్చన లోన్ కాగితాల మీద మామ సంతకం పెట్టాడు. ఈసారి కుడి చెయ్యి టేబుల్ మీదికి దానంతటదే లేచింది. రెఫరెన్సుకు ఇంకొకరి పేరు కావాలంటే అర్చన నా పేరు చెప్పింది.

ఈమె మీకేమవుతారు అని ఆఫీసర్ అడిగాడు. మామ నోరు తెరిచి మూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"సీనియర్ సార్," అంది అర్చన.

ఆయన అలాగే రాసుకున్నాడు.